అత్తమ్మకు సముద్రం చూపించాలి: సూర్యలంకా, వైజాగా?

హన్మకొండ టైలరమ్మ (ప్రశ్న)

అన్నలకు, అక్కలకు నమస్తే. హన్మకొండలో ఇంటి ముందు గదిలోనే మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడతాను. పుష్యమాసం వస్తోంది, పెళ్లిళ్లు ఉండవు. సంక్రాంతి బట్టలు పండుగకు రెండు రోజుల ముందే ఇచ్చేస్తాను. మాఘం మొదలైతే మళ్లీ తల ఎత్తే తీరిక దొరకదు. ఈ మధ్యలో దొరికే మూడు రోజుల్లో మా అత్తమ్మకు సముద్రం చూపించాలని ఉంది.

ఈ ఆలోచన ఎందుకొచ్చిందంటే, కార్తీకంలో వనభోజనాలకని అందరం పాకాల పోయాం. అత్తమ్మ కట్ట మీద నిలబడి చాలాసేపు చెరువు చూసి, "సముద్రమంటే ఇంతనే ఉంటదా బిడ్డా?" అని అడిగింది. మా చిన్నోడు పకపకా నవ్వి, "నానమ్మా, సముద్రానికి అవతలి ఒడ్డు కనిపించదు" అన్నాడు. "ఒడ్డు లేకపోతే మరి నీళ్లు ఏడ ఆగుతయిరా?" అంది. ఆ ప్రశ్నకు వాడి దగ్గరా జవాబు లేదు, నా దగ్గరా లేదు.

ఆమెకు 66 ఏళ్లు. పరకాల దగ్గర ఊళ్లో రెండెకరాల పత్తి, ఎకరం వరి. ఇప్పటికీ కూలీలతో పాటు తనూ పత్తి ఏరుతుంది. మేడారం, వేములవాడ, కొమురెల్లి, ఒకసారి తిరుపతి, ఆమె చూసిన లోకం అంతే. మోకాళ్ల నొప్పులున్నాయి. గట్టి నేల మీద నడుస్తుంది కానీ మెట్లు ఎక్కలేదు, కింద కూర్చుంటే లేవడానికి ఇద్దరం కావాలి.

పోయేది ఐదుగురం. అత్తమ్మ, నేను, మా ఆయన, పదకొండేళ్ల పాప, ఆరేళ్ల బాబు. పదిహేను వేలు పక్కన పెట్టాను. మా ఆయన సూర్యలంక అంటాడు, మా తమ్ముడు వైజాగ్ అంటాడు. రెండూ చూసినవాళ్లు చెప్పండి. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఇసుకలో నడవగలదా? పిల్లల్ని నీళ్లలోకి దింపొచ్చా? మా ఇంట్లో ఒక్కరికీ ఈత రాదు, ముందే చెప్తున్నా.


పాత గార్డు, కాజీపేట

అమ్మా, ముప్పై ఏళ్లకు పైగా కాజీపేట, విజయవాడ మధ్య బండ్లు నడిపించిన మనిషిని. సముద్రం గురించి నాకు పెద్దగా తెలియదు కానీ అక్కడిదాకా ఎట్లా పోవాలో చెప్తా.

సూర్యలంకకు దిగాల్సింది బాపట్ల స్టేషన్లో. వరంగల్ నుంచి మూడు వందల కిలోమీటర్ల లోపే. ఆదిలాబాద్ నుంచి తిరుపతి పోయే కృష్ణా ఎక్స్‌ప్రెస్ పగటి బండి, మధ్యలో మారే పని లేదు. అటు మద్రాసు, తిరుపతి వైపు పోయే రాత్రి బండ్లు కూడా ఉన్నాయి కానీ అర్ధరాత్రి దాటాక దింపుతాయి. పిల్లల్ని, పెద్దమనిషిని పెట్టుకుని ఆ వేళప్పుడు ప్లాట్‌ఫారం మీద ఏం చేస్తారు? పగటి బండే మేలు. టైమింగులు మారుతుంటాయి, బుక్ చేసే రోజు ఒకసారి చూసుకోండి.

వైజాగ్ అయితే ఐదు వందల యాభై కిలోమీటర్ల పైమాట. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం వరంగల్లో ఎక్కితే తెల్లారేసరికి దింపుతుంది. వందే భారత్ కూడా వరంగల్లో ఆగుతుంది. ఐదుగురికి రానూపోనూ దాని టికెట్లు కొంటే మీ పదిహేను వేలల్లో లాడ్జికి ఎంత మిగులుతుందో లెక్క వేసుకోండి.

ఇప్పుడు అసలు మాట. సంక్రాంతి ముందు ఆంధ్రా వైపు పోయే బండ్లలో కాలు పెట్టే సందు ఉండదు, పండుగ అయ్యాక హైదరాబాద్ వైపు వచ్చే వాటి గతీ అంతే. పిల్లల సెలవులని ఆ వారమే పోవద్దు. వారం పది రోజులు ఆగండి, బడికి రెండు రోజులు ఎగ్గొడితే కొంప మునగదు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు, 120 రోజులనేది 2024 నవంబర్‌తో పోయింది. మీ అత్తమ్మ వయసు సరిగ్గా రాయండి. సీనియర్ల రాయితీ 2020లో ఎత్తేశారు కానీ కింది బెర్తు కోటా ఉంది. బాబుకు ఆరేళ్లు కాబట్టి విడిగా సీటు గానీ బెర్తు గానీ తీసుకుంటే పెద్దవాళ్ల టికెట్టే పడుతుంది.

విజయవాడ దాటగానే కృష్ణ మీద వంతెన వస్తుంది. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టండి, ప్రకాశం బ్యారేజీ కనబడుతుంది. అది చూసి సముద్రం వచ్చిందని లేచి నిలబడ్డవాళ్లను ఎంతమందిని చూశానో. మన లైన్లో సముద్రమని పేరున్న స్టేషన్ ఒక్కటే, కేసముద్రం. అక్కడ దిగితే మిర్చి, పసుపు దొరుకుతాయి.


లక్నవరం తమ్ముడు

అక్కా, అంత దూరం ఎందుకు? లక్నవరం ఉంది కదా. వేలాడే వంతెన, బోటు, మధ్యలో దీవులు. పొద్దున పోయి రామప్ప చూసుకుని రాత్రికి ఇంటికి రావచ్చు. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రోడ్డు, పార్కింగు అన్నీ బాగయ్యాయి. పదిహేను వేలు కాదు, మూడు వేలల్లో అయిపోతుంది.


హన్మకొండ టైలరమ్మ

తమ్ముడూ, లక్నవరం మూడుసార్లు పోయాం. ఆమె అడిగింది ఒడ్డు కనిపించని నీళ్లు.


వైజాగ్‌లో చదివినోడు

నేను వైజాగ్ వైపే ఓటేస్తా. కారణం బీచ్ కాదు, మీ అత్తమ్మ మోకాళ్లు. ఆర్కే బీచ్ పొడుగునా బీచ్ రోడ్డు, దాని పక్కనే నడవడానికి చక్కటి ఫుట్‌పాత్, కూర్చోవడానికి దిమ్మెలు. ఆటో దిగి పది అడుగులు వేస్తే సముద్రం ఎదురుగా ఉంటుంది, ఇసుకలో కాలే పెట్టనక్కర్లేదు. పిల్లలకు అక్కడే కురుసుర జలాంతర్గామి ఉంది. నౌకాదళంలో పనిచేసి 2001లో రిటైరైన సబ్‌మెరీన్‌ను ఒడ్డుకు లాక్కొచ్చి మ్యూజియం చేశారు. లోపల ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచి రావచ్చు, సోమవారం సెలవు. ఎదురుగానే టీయూ-142 విమానం కూడా పెట్టారు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, సబ్‌మెరీన్లో గుండ్రటి తలుపుల్లోంచి కాలెత్తి దాటాలి, అత్తమ్మను బయట కూర్చోబెట్టాల్సిందే.

స్నానానికి మాత్రం ఆర్కే బీచ్ మంచిది కాదు. అక్కడ లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, లాగుడు ఎక్కువ. ఏటా ప్రాణాలు పోతూనే ఉంటాయి. కాళ్లు తడుపుకోవాలంటే రుషికొండ వెళ్లండి.


తూఫాన్‌లో పద్నాలుగు మంది, నర్సంపేట

మేం చేసిన తప్పులు చెప్తా, అవి చేయకుంటే చాలు.

పోయిన మే నెలలో పద్నాలుగు మందిమి తూఫాన్ బండి మాట్లాడుకుని సూర్యలంక పోయాం. తొర్రూరు, మరిపెడ, ఖమ్మం, విజయవాడ మీదుగా. రాత్రి పదకొండింటికి బయల్దేరి తెల్లవారికి చేరతామనుకున్నాం. మా బావ ఖమ్మంలో టీ అన్నాడు, మా చిన్నమ్మ విజయవాడలో అమ్మవారి దర్శనమంది. కొండ దిగేసరికి ఎనిమిదిన్నర. బీచ్‌కు పోయేసరికి పట్టపగలు పన్నెండు. చెప్పులు విడిచి ఇసుకలో దిగామో లేదో అందరం ఎగురుడే. పెనం మీద నిలబడ్డట్టు ఉంది. మా నాయిన వెనక్కి రాలేక ముందుకు పోలేక మధ్యలో తువ్వాల పరుచుకుని దాని మీద నిలబడ్డాడు. పోయి ఆయన్ని ఎత్తుకొచ్చాం.

నీళ్లలోకి పోయినవాళ్లు చెప్పులు ఒడ్డు మీద కుప్ప పోశారు. వచ్చి చూస్తే పద్నాలుగు జతల్లో తొమ్మిదే ఉన్నాయి. దొంగలెవరూ రాలేదు, ఒక అల కొంచెం పైకి వచ్చి తీసుకుపోయింది. నా ఒంటి చెప్పు ఇంకా ఇంట్లో ఉంది, రెండోది శ్రీలంకలో ఉండొచ్చు.

చేపల వేపుడు తినాలని బాగా ఆశపడి పోయాం. దొరికింది ఐసులో పెట్టిన ముక్కలు. ఎందుకో తర్వాత తెలిసింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట బందు, చేపలు గుడ్లు పెట్టే కాలమని.


బాపట్ల ఆడపడుచు, వరంగల్ కోడలు

చెల్లీ, మా పుట్టిల్లు బాపట్ల. పెళ్లయి శివనగర్ వచ్చి పంతొమ్మిదేళ్లు. ఇక్కడివాళ్లు సముద్రం అనగానే కళ్లు పెద్దవి చేస్తుంటే మొదట్లో నవ్వొచ్చేది. బతుకమ్మ చూసినప్పుడు నా కళ్లు కూడా అంతే అయ్యాయిలే.

బాపట్ల నుంచి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు, ఆటోలు ఉంటాయి. వైజాగ్ బాబు చెప్పింది నిజమే, మా దగ్గర ఫుట్‌పాత్ మీద కూర్చుని చూసే సముద్రం కాదు. ఇసుక దాటాలి. కానీ మీ అత్తమ్మ అడిగిన ప్రశ్న చదివాక నాకు అనిపించింది, ఆమె దూరం నుంచి చూసి ఊరుకునే మనిషి కాదు, నీళ్లలో కాలు పెట్టి తీరుతుంది.

ఇసుక రెండు రకాలు. పైన ఉండే పొడి ఇసుకలో కాలు దిగబడుతుంది, మోకాలికి అదే శత్రువు. నీటి అంచున ఉండే తడి ఇసుక సిమెంటు గచ్చులా గట్టిగా ఉంటుంది, అక్కడ ఆమె హాయిగా నడుస్తుంది. కాబట్టి కష్టమంతా మధ్యలో ఉన్న పొడి ఇసుక దాటడమే. చెరో చెయ్యి పట్టుకోండి, మెల్లగా పొమ్మనండి, చెప్పులు విప్పేయమనండి. చెప్పుల్లో ఇసుక చేరితే ఇంకా బరువు. టీ కొట్టువాళ్ల దగ్గర ప్లాస్టిక్ కుర్చీ అడిగి తీసుకోండి, మధ్యలో రెండుసార్లు కూర్చోబెట్టండి. పొద్దున ఎనిమిదిన్నరకల్లా బయటికి వచ్చేయండి. మళ్లీ సాయంత్రం నాలుగున్నర తర్వాత. మధ్యలో పోతే నర్సంపేట అన్నగారి నాయినలా తువ్వాల మీద నిలబడాలి.

ఇక నీళ్లు. ఇంట్లో కేలండర్ చూసి అమావాస్య, పౌర్ణమి రోజులు వదిలేయండి. ఆ రోజుల్లో పోటు ఎక్కువ, పైగా మా వైపు స్నానాలకు జనం విరగబడతారు. అష్టమి దగ్గర పడితే పోటు తక్కువగా ఉంటుంది. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. వేళ రోజూ ముప్పావు గంటకు పైగా ఆలస్యమవుతూ ఉంటుంది. అందుకే నిన్న పొద్దున ఆరింటికి ఇసుక ఇంత ఉంది కదా అని ఇవాళ అదే లెక్క వేసుకోకూడదు. ఐదు జతల చెప్పులు పోయిన కథ అదే.

ఈత రాదన్నావు. అయితే పెద్దవాళ్లకు మోకాలు, పిల్లలకు పిక్క, అంతకు మించి లోతుకు వద్దు. కొత్తవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. అలలు తెల్లగా విరిగే చోటు చూసి భయపడి, పక్కన అలల్లేకుండా నునుపుగా ఉన్న చోటికి పోతారు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదే. పైకి నెమ్మదిగా కనిపించి లోపల గుంజుకుపోతుంది. ఒకవేళ లాగితే ఒడ్డు వైపు కొట్టుకోకుండా పక్కకు, ఒడ్డు వెంబడి జరగాలి. ఆ అవసరమే రానీయకండి. సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగొద్దు. పోలీసులో గజ ఈతగాళ్లో ఈల వేస్తే మారు మాట్లాడకుండా బయటికి రండి.

బంగారం ఇంట్లో పెట్టి రండి. తడి వేళ్ల నుంచి ఉంగరాలు సబ్బు రాసినట్టు జారిపోతాయి. పుస్తెలతాడు తీయరు కాబట్టి జాకెట్ లోపలికి వేసి పిన్నీసు పెట్టుకోండి. నువ్వు టైలరువి కాబట్టి నేను చెప్పక్కర్లేదు, ఉప్పునీటికి జరీ నల్లబడుతుంది. తడిసిన చీర బరువు కూడా ఇంతా అంతా కాదు, అలలో కాళ్లకు చుట్టుకుంటుంది. పాత నూలు చీర, కుచ్చిళ్లు పైకి దోపి.

రెండో రోజు పొద్దున చీరాల వైపు వాడరేవు వెళ్లండి. పడవలు ఒడ్డుకు వస్తాయి, వలలు దులుపుతుంటారు, పిల్లలకు అంతకంటే మంచి ఆట ఉండదు. వచ్చేటప్పుడు చీరాల బట్టల మార్కెట్లో ఆగితే నీ పదిహేను వేలకు నేను పూచీ ఇవ్వలేను.


హన్మకొండ టైలరమ్మ

అక్కా, కేలండర్ చూశాను. అష్టమి పక్కనే శనివారం వస్తోంది, గార్డు సార్ చెప్పినట్టు పండుగ రద్దీ తగ్గాకే. టికెట్లు బుక్ చేశాం. కొత్త చిక్కొచ్చింది. అత్తమ్మ గద్వాల పట్టుచీర కట్టుకుంటానని పట్టుబట్టి కూర్చుంది. "గంగమ్మ తల్లి దగ్గరికి పాత చీరతోటి పోతరా?" అంటోంది.


బాపట్ల ఆడపడుచు, వరంగల్ కోడలు

గుడికి పట్టుచీర, గంగమ్మకు నూలు చీర అని చెప్పు. ఊళ్లో భావన్నారాయణ స్వామి గుడి ఉంది, ఆ స్వామి పేరు మీదే ఊరికి ఆ పేరు వచ్చిందంటారు మావాళ్లు. అక్కడికి పట్టుచీరతో తీసుకెళ్తే ఆమె పంతమూ నెగ్గుతుంది, జరీ కూడా బతుకుతుంది.


హన్మకొండ టైలరమ్మ (వెళ్లొచ్చాక)

ఆదివారం రాత్రి పొద్దుపోయాక ఇంటికి చేరాం. అడిగి వదిలేయడం బాగుండదని రాస్తున్నా.

పొద్దున బండెక్కాం. నెక్కొండ దాటాక మా చిన్నోడు కిటికీలోంచి బోర్డు చదివి "నానమ్మా, సముద్రం వచ్చింది!" అని అరిచాడు. ఎదురు సీటాయన ఉలిక్కిపడి లేచాడు. కేసముద్రం. అత్తమ్మ మాత్రం చాలా మామూలుగా, "మీ తాత ఈడికే మిర్చి అమ్మవస్తుండె" అంది. కృష్ణ మీద వంతెన వచ్చినప్పుడు నేనే ముందు చెప్పాను, ఇది నది అని. అయినా చేతులు జోడించి రూపాయి బిళ్ల విసిరింది. అది కిటికీ ఊచకు తగిలి మా కాళ్ల దగ్గరే పడింది. ఆ రూపాయిని కొంగుకు ముడేసుకుంది.

బాపట్లలో దిగి, తిని, పట్టుచీరతో స్వామి దర్శనం చేయించి, ఆటోలో సూర్యలంక పోయేసరికి చీకటి పడింది. లాడ్జి గురించి ఒక్క మాట, పేరు రాయను. ఆన్‌లైన్లో సముద్రం కనిపించే గది అని రాసి రెండు వందలు ఎక్కువ తీసుకున్నారు. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగ్ గోడ. అడిగితే, "మేడ మీద వాటర్ ట్యాంకు దగ్గరికి వెళ్తే కనిపిస్తుందండీ" అన్నాడు కుర్రాడు. మోకాళ్ల నొప్పుల మనిషిని ట్యాంకు దగ్గరికి ఎక్కించమంటున్నాడు! గది శుభ్రంగానే ఉంది కాబట్టి ఊరుకున్నా. మీరు మాత్రం ముందే ఫోన్ చేసి కిటికీ ఫొటో పెట్టమనండి.

రాత్రి పదింటికి లైట్లు తీసేశాక అత్తమ్మ పడుకోలేదు. "ఈ యాళప్పుడు వరికోత మిషన్ ఎవరు నడుపుతున్నరే?" అంది. నాకు ముందు అర్థం కాలేదు. చెవి పెట్టి వింటే అలల చప్పుడు. ఆగకుండా ఒకటే హోరు. అది సముద్రమని చెప్తే నమ్మలేదు. "నీళ్లు చప్పుడు చేస్తయి గని, రాత్రంత చేస్తయా?" ఎప్పుడు పడుకుందో తెలియదు. ఐదింటికి నేను లేచేసరికి నూలు చీర కట్టుకుని, కొంగులో పసుపు కుంకుమ మూట పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది.

అక్క చెప్పినట్టే చేశాం. పొడి ఇసుక దాటడానికి పావుగంట పట్టింది. మా ఆయన ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి, పాప నెత్తి మీద కుర్చీ. కుర్చీకి యాభై రూపాయలు, టీ కొట్టామె తీసుకుంది. మధ్యలో రెండుసార్లు కాదు, నాలుగుసార్లు కూర్చోబెట్టాం. తడి ఇసుక మీదికి రాగానే నిజంగానే మా చేతులు వదిలేసి తనే నడిచింది. మబ్బుగా ఉంది, సూర్యుడు ఆరున్నర దాటాకే, అదీ నీళ్ల మీద నుంచి కొంచెం పైకి వచ్చాకే కనిపించాడు. మా పాప ఫోన్ పట్టుకుని ఎదురుచూసి విసుక్కుంది. అత్తమ్మ సూర్యుడి వైపు చూడనే లేదు. ఎడమ చివర నుంచి కుడి చివర దాకా తల తిప్పి నీళ్లనే చూసింది. మళ్లీ కుడి నుంచి ఎడమకు. ఎడ్లు తప్పిపోతే చెలక అంతా కళ్లతో వెతికినట్టు.

కుర్చీని నీటి అంచున వేశాం. అక్కడ మాకు తెలియనిది ఒకటి జరిగింది. అల వచ్చి వెనక్కి పోయినప్పుడల్లా కుర్చీ కాళ్ల కింద ఇసుక కొట్టుకుపోతుంది. మూడో అలకు వెనక కాళ్లు రెండూ దిగబడి కుర్చీ మెల్లగా ఒరిగింది. ఆమె అందులోంచి జారి నీళ్లలో కూర్చుంది. మా ఆయన "అమ్మా!" అని పరిగెత్తాడు. నడుము దాకా నీళ్లు, కొంగు తేలుతోంది, పసుపు కుంకుమ మూట విడిపోయి చుట్టూ నీళ్లు ఎర్రబడ్డాయి. ఆమె నవ్వుతోంది. "మంచిదే, ఆమెనే తీస్కున్నది" అంది. ఎట్లాగూ తడిసింది కదా అని అక్కడే పది నిమిషాలు కూర్చుంది, ఇద్దరం రెండు వైపులా పట్టుకుని. దోసిలితో నీళ్లు తీసుకుని నాలుక మీద వేసుకుని మొహం చిట్లించింది. తర్వాత అన్న మాట మా ఆయన ఇంటికొచ్చి అందరికీ చెప్తున్నాడు. "గిన్ని నీళ్లుండి ఒక్క మడి తడువది గదనే!"

రెండేళ్ల కింద మా బోరు ఎండిపోయింది. ఆ ఎండాకాలం ఎకరం వరి కళ్లముందే పోయింది. ఆమె నవ్వుతూనే అంది, నాకే ఎందుకో నవ్వు రాలేదు.

పిల్లలు పిక్క దాకా దిగారు. ఈల రెండుసార్లు వినిపించింది, రెండుసార్లూ మా కోసం కాదు. ఒంటి చెప్పు మాత్రం ఎక్కడా కనిపించలేదు, నర్సంపేట అన్నా.

ఎనిమిదిన్నరకు ఒడ్డెక్కి, బట్టలు మార్చుకుని వాడరేవు పోయాం. తిరుగు బండి అదే రోజు కాబట్టి గడియారం చూసుకుంటూనే తిరిగాం. అక్కడ చేపలమ్మే ఆమె పక్కన గోనెసంచి మీద కూర్చుంది అత్తమ్మ. వంజరం, చందువా, రొయ్యలు అన్నీ చూసి "కొర్రమీను లేదా?" అని అడిగింది. "కొర్రమీను సముద్రంలో ఎందుకుంటదమ్మా, అది చెరువు చేప" అంది ఆమె. "గింత నీళ్లల్ల కొర్రమీను లేదా?" మా అత్తమ్మకు సముద్రం మీద గౌరవం కొంచెం తగ్గినట్టు అనిపించింది. మేం తీసుకుపోయిన సకినాలు ఆమెకు పెడితే కొరికి చూసి, "ఇవి చక్రాలా? నువ్వులు బాగా పడ్డాయి" అని తన మనవరాలికి నాలుగు కొంగులో కట్టుకుంది. వంజరం ముక్కలు అక్కడే వేయించి ఇచ్చారు. పిల్లలు లొట్టలేసుకుని తిన్నారు. అత్తమ్మ వాసన చూసి మామిడి తొక్కుతోనే అన్నం తిన్నది.

చీరాల మార్కెట్ మాట అడగొద్దు. అక్కడికి పోకముందు లెక్క పదమూడు వేల చిల్లర. పోయాక పదహారు దాటింది. లైనింగ్ గుడ్డ మీటరు మన దగ్గరికంటే తక్కువకు వచ్చింది, కాబట్టి అది ఖర్చు కాదు, పెట్టుబడి అని మా ఆయనకు చెప్పాను.

వైజాగ్ తమ్ముడూ, నీ మాట తప్పు కాదు. నడవనే నడవలేని వాళ్లయితే బీచ్ రోడ్డే మంచిది. పిల్లలు సబ్‌మెరీన్ అని అప్పుడే గోల మొదలుపెట్టారు, దసరాకు చూద్దాం.

ఇంకొక్కటి అడగాలి అక్కా. అత్తమ్మ లీటరు సీసాలో సముద్రం నీళ్లు పట్టుకొచ్చింది. ఊళ్లో వాడకట్టు వాళ్లందరి నాలుక మీద తలా ఒక చుక్క వేస్తానంటోంది. ఆ నీళ్లు చెడిపోతాయా? దేవుడి దగ్గర రాగి చెంబులో పోసి పెట్టాలని చూస్తోంది.


బాపట్ల ఆడపడుచు, వరంగల్ కోడలు

రాగి చెంబులో వద్దు, చిలుము పడుతుంది. సీసాలోనే ఉంచమను. కొన్నాళ్లకు అడుగున పాచి పట్టి వాసన వేస్తుంది, నాలుక మీద చుక్కలు మాత్రం వేయనివ్వకు. వాళ్ల చేతి మీద వేసి వాసన చూడమనండి, చాలు.


హన్మకొండ టైలరమ్మ

ఆలస్యమైంది అక్కా. పొద్దున బస్సుకే ఊరికి పోయింది, సీసా పట్టుకుని.